బాబుకి సున్నతి లేకపోతే దేవుని నిబంధనలో లేనట్టేనా?

ప్రశ్న: నేను ఐదేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నాను. పోయిన నెల మాకు బాబు పుట్టాడు. ఈమధ్య బైబిల్ మొదటి నుంచి చదువుతూ ఆదికాండం 17వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. సున్నతి లేనివాడు తన జనంలో నుంచి కొట్టివేయబడతాడని, ఇది నిత్య నిబంధన, అంటే దేవుడు తన జనంతో ఎప్పటికీ చేసుకున్న ఒప్పందం అని అక్కడ ఉంది. ప్రార్థన కూడికలో ఒక పెద్దాయన్ని అడిగితే "యేసు ప్రభువే సున్నతి పొందాడు, నీకేమైంది? నీకూ నీ కొడుక్కీ అది లేకపోతే నిబంధనలో సగమే ఉన్నట్టు" అన్నారు. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. నా భార్యేమో "అది మగవాళ్లకే కదా, మరి నేను అసలు లేనట్టేనా?" అంటోంది. హృదయ సున్నతి అని అందరూ అంటారు గానీ అదేమిటో ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఈ టెన్షన్‌లో బాబు పుట్టిన సంగతి మా అన్నయ్యకి కూడా చెప్పలేదు, అయినా ఆయనకీ నాకూ నాలుగేళ్లుగా మాటల్లేవనుకోండి. ఏం చేయమంటారు?

సమాధానం:

బ్రదర్, ముందు ఒక్క మాట చెప్పేస్తాను, అది మనసులో పెట్టుకుని మిగతాది నిదానంగా చదవండి. సున్నతి లేదన్న కారణంతో దేవుడు మిమ్మల్ని గానీ మీ బాబుని గానీ తోసివేయడు. ఈ రాత్రికి నిద్రపోండి.

అయితే ఆ అధ్యాయం దగ్గర ఆగి మీరు మంచి పని చేశారు. చాలామంది అక్కడ కొంచెం ఇబ్బందిపడి పేజీ తిప్పేస్తారు, పిల్లలు పక్కనుంటే ఇంకా తొందరగా తిప్పేస్తారు. మీరు ఆగారు, భయపడ్డారు, అడిగారు. వాక్యాన్ని అంత సీరియస్‌గా తీసుకున్న మనిషికి పైపైన నాలుగు మాటలు చెప్పి పంపించేయడం నాకిష్టం లేదు, అందుకే ఇది కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

17వ అధ్యాయాన్ని ఒంటరిగా చదివితే భయం వేస్తుంది. దాన్ని 15, 16 అధ్యాయాల పక్కన పెట్టి చదవాలి. 15లో దేవుడు అబ్రాహాముని బయటికి తీసుకొచ్చి నక్షత్రాలు లెక్కపెట్టమంటాడు, నీ సంతానం అలా అవుతుందంటాడు, అబ్రాహాము నమ్ముతాడు, ఆ నమ్మకాన్నే దేవుడు అతనికి నీతిగా ఎంచుతాడు. అప్పటికి సున్నతి అనే మాటే లేదు. తర్వాత 16లో ఏం జరిగింది? ఎదురుచూసి ఎదురుచూసి, శారా మాట మీద హాగరు ద్వారా బిడ్డను కంటారు. ఇష్మాయేలు పుట్టేటప్పటికి అబ్రాహాము వయసు 86. ఆ తర్వాత పదమూడేళ్ల పాటు ఏం జరిగిందో బైబిల్ ఏమీ చెప్పదు. ఆయనకి 99 ఏళ్లు వచ్చాక దేవుడు మళ్లీ ప్రత్యక్షమై అప్పుడు సున్నతి ఆజ్ఞ ఇస్తాడు. అంటే నీతిమంతుడు అని తీర్పు వచ్చింది ముందు, గుర్తు వచ్చింది ఎన్నో ఏళ్ల తర్వాత. రోమా పత్రిక 4వ అధ్యాయంలో పౌలు ఈ వరుస మీదే పట్టు పట్టాడు. నీతి ఎప్పుడు ఎంచబడింది, సున్నతి పొందాకా, పొందకముందా అని అడిగి, పొందకముందే అని తేల్చి, సున్నతి అప్పటికే ఉన్న విశ్వాసానికి ముద్ర అన్నాడు. ముద్ర అన్న మాట గట్టిగా పట్టుకోండి. కాగితం మీద రాసినదాన్ని ముద్ర ఖాయం చేస్తుంది. ఖాళీ కాగితం మీద ఎన్ని ముద్రలు వేస్తే మాత్రం ఏముంటుంది?

మరి ఒంట్లో ఎన్ని చోట్లుండగా ఆ చోటే ఎందుకు? ఈ ప్రశ్న అందరి మనసులో ఉంటుంది, అడగడానికి సిగ్గుపడతారు. నాకు అర్థమైనంతలో జవాబు ఆ 16వ అధ్యాయంలోనే ఉంది. దేవుడిచ్చిన వాగ్దానం సంతానం గురించి. అబ్రాహాము ఆ వాగ్దానాన్ని తన శరీర బలంతో, తన తెలివితో నెరవేర్చుకోబోయాడు. ఇప్పుడు దేవుడు సరిగ్గా ఆ శరీర బలం మీదే కత్తి పెట్టించాడు. ఇస్సాకు పుడితే అది నీ గొప్ప కాదు, నా మాట వల్ల పుట్టాడు అని అతని ఒంటి మీదే రాసిపెట్టినట్టు. పౌలు తర్వాత "శరీరము" అన్న మాటను అంత బరువుగా వాడటానికి మూలం ఇక్కడుందని నేననుకుంటాను. మనిషి తన మీద తాను పెట్టుకున్న నమ్మకం ఉంటుంది చూడండి, దానికి పడ్డ కోత అది.

మగబిడ్డకి ఎనిమిదో రోజున సున్నతి చేయాలన్న సంగతి కూడా అంతే. ఎనిమిది రోజుల పసివాడు నిబంధనకి తన వంతుగా ఏం చేయగలడు? ఏడవడం తప్ప ఏమీ లేదు. ఒకవైపు 99 ఏళ్ల ముసలాయన, ఒకవైపు ఎనిమిది రోజుల బిడ్డ, ఇద్దరికీ గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. (రెండో శతాబ్దంలోనే జస్టిన్ లాంటి క్రైస్తవ బోధకులు ఆ ఎనిమిదో రోజుని ప్రభువు పునరుత్థానంతో కలిపి చెప్పారు. ఏడు రోజుల వారం అయిపోయాక వచ్చే ఆదివారం ఎనిమిదోది, కొత్త సృష్టి మొదటి రోజు అని. నాకు ఆ ఆలోచన చాలా ఇష్టం.)

ఇక "నిత్య నిబంధన" అన్న మాట. అది మిమ్మల్ని బాగా పట్టుకున్నట్టుంది. అదే ధర్మశాస్త్రంలో అహరోను కుమారుల యాజకత్వాన్ని కూడా నిత్యమైనదనే అన్నారు, నిర్గమకాండం 40వ అధ్యాయంలో చూడండి. కానీ హెబ్రీ పత్రిక 7వ అధ్యాయం ఆ యాజకత్వం మారిందని చెబుతుంది, ఎందుకంటే అది ఎవరిని చూపిస్తూ నిలబడిందో ఆ క్రీస్తు వచ్చేశాడు. గుర్తు ఏ సత్యాన్ని చూపిస్తుందో ఆ సత్యం నిత్యం ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. యూదులకి సున్నతి ఈ రోజుకీ ప్రాణంతో సమానమైన గుర్తు. క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దంలో అంతియొకస్ రాజు దాన్ని నిషేధిస్తే, బిడ్డలకి సున్నతి చేయించిన తల్లులు ప్రాణాలే పోగొట్టుకున్నారు. కాబట్టి మనం దాని గురించి మాట్లాడేటప్పుడు చులకనగా మాట్లాడే హక్కు మనకి లేదు.

ఇప్పుడు హృదయ సున్నతి. మీరు విడమరిచి చెప్పమన్నది ఇదే, నాకూ మనసున్నది ఇక్కడే.

చాలామంది ఇది పౌలు కనిపెట్టిన మాట అనుకుంటారు. కాదు. మోషే నోటి నుంచే వచ్చింది. హెబ్రీ బైబిల్లో ఈ "సున్నతి లేని" అన్న మాట ఎక్కడెక్కడ వాడారో చూస్తే ఆశ్చర్యపోతారు. మోషే తనకి మాట సరిగ్గా రాదని చెప్పుకునేటప్పుడు నావి సున్నతి లేని పెదవులు అంటాడు, మన తెలుగు బైబిల్లో అది "మాట మాంద్యము" అని వచ్చింది గనుక మనకి కనపడదు. యిర్మీయా 6వ అధ్యాయంలో జనం చెవులకి సున్నతి లేదంటాడు, అందుకే వాళ్లకి వినపడదంటాడు. లేవీయకాండం 19లో కొత్తగా నాటిన పళ్ల చెట్టుకి కూడా ఇదే మాట వాడారు, మొదటి మూడేళ్లు దాని పండ్లు సున్నతి లేనివి, తినకూడదు, నాలుగో ఏడు పండ్లు దేవునివి. పెదవులు, చెవులు, చెట్టు, హృదయం, వీటన్నిటినీ కలిపి చూడండి. మూసుకుపోయినది, పైన ఏదో కప్పేసి ఉన్నది, ఇంకా దేవునికి అప్పగించనిది, అదన్నమాట సున్నతి లేనిది అంటే. సున్నతి లేని చెవికి శబ్దం చేరుతుంది గానీ మాట చేరదు. సున్నతి లేని హృదయానికి విషయం తెలుస్తుంది గానీ తగలదు.

ద్వితీయోపదేశకాండం 10వ అధ్యాయం 16వ వచనం తీయండి. మీ హృదయానికి సున్నతి చేసుకోండి, ఇకమీదట ముష్కరులు కాకుండా ఉండండి అని ఉంటుంది. ముష్కరులు అన్నచోట హెబ్రీలో ఉన్నది మెడ బిగించుకోవద్దు అని. ఆ వెంటనే వచ్చే మూడు వచనాలు చదవకుండా ఆగొద్దు. దేవుడు ముఖం చూసి తీర్పు చెప్పడు, లంచం పుచ్చుకోడు, తండ్రి లేనివారికీ విధవరాలికీ న్యాయం చేస్తాడు, పరదేశికి అన్నం పెట్టి బట్ట ఇస్తాడు, కాబట్టి మీరు కూడా పరదేశిని ప్రేమించండి అని ఉంటుంది. హృదయ సున్నతి ఏదో ధ్యానంలో కలిగే గొప్ప అనుభవమని మనం ఊహించుకుంటాం. మోషే మాత్రం దాన్ని నేరుగా తీసుకెళ్లి పరాయివాడి కంచం దగ్గర పెట్టాడు. గుండె మీద ఆ పొర తెగిందా లేదా అన్నది, మనకి ఏ సంబంధమూ లేని మనిషి ఆకలి మనకి తగులుతుందా లేదా అన్నదాంట్లో తెలిసిపోతుంది.

యిర్మీయా దీన్నే ఇంకోలా చెప్పాడు. 4వ అధ్యాయంలో బీడుభూమిని దున్నండి, ముళ్లలో విత్తనాలు చల్లొద్దు అని, ఆ పక్క వచనంలోనే హృదయ సున్నతి మాట ఎత్తాడు. దున్నేటప్పుడు నేలని చీల్చాలి. గట్టిపడిన పెళ్ల పగలకపోతే ఎంత మంచి విత్తనమైనా పైనే పడి ఉంటుంది, పిట్టల పాలవుతుంది. 9వ అధ్యాయానికొచ్చేసరికి ఇంకా కఠినంగా, ఐగుప్తు, యూదా, ఎదోము, అమ్మోను, మోయాబు అని ఒకే వరుసలో పేర్లు చదివేశాడు. ఒంటి మీద గుర్తు ఉన్న యూదాని కూడా అన్యజనుల మధ్యలో నిలబెట్టాడు, ఇశ్రాయేలు వాళ్లందరికీ హృదయ సున్నతి లేదని. మీ పెద్దాయనతో వాదించాల్సిన అవసరం లేదు గానీ, ఒంటి మీద గుర్తు ఉండి కూడా బయట ఉండొచ్చని చెప్పింది పాత నిబంధన ప్రవక్తే అని మాత్రం తెలుసుకోండి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నేను రాసిందంతా పుస్తకంలో మాటలే అవుతాయి. కొన్నేళ్ల క్రితం మా సహవాసంలో లెక్కల విషయమై ఒకాయనకీ నాకూ మాట పడింది. నలుగురి ముందు నన్ను తప్పుపట్టారు. ఆ తర్వాత రెండేళ్లు మేం మాట్లాడుకోలేదు, ఎదురైతే తల దించుకుని పోయేవాళ్లం. ఒక సాయంత్రం వాక్య ధ్యానంలో నేనే ఈ ద్వితీయోపదేశకాండం 10 చెబుతున్నాను. ఆయన వెనక వరసలో కిటికీ పక్కన కూర్చున్నారు. మెడ బిగించడం అంటే కాడికి వంగని ఎద్దు లాంటిదని, ఎటు తిప్పినా తిరగదని చక్కగా వివరిస్తున్నాను, అందరూ తలూపుతున్నారు, ఉన్నట్టుండి నాకు ఒకటి తట్టింది. ఆ గంట సేపట్లో నేను ఒక్కసారి కూడా కిటికీ వైపు చూడలేదు. కుడివైపు చూశాను, మధ్యలో చూశాను, ఎడమవైపుకి వచ్చేసరికి నా మెడ దానంతటదే ఆగిపోతోంది. మాట ఆగిపోయింది నాకు. మంచినీళ్లు తాగి ఎలాగో ముగించాను. అందరూ వెళ్లాక ఆయన బెంచీలు సర్దుతుంటే వెళ్లి ఒక కొస నేను పట్టుకున్నాను. "ఆ లెక్కల్లో నా తప్పు కూడా ఉంది" అన్నాను. ఆయన బెంచీ గోడకి ఆనించేదాకా ఏమీ అనలేదు. తర్వాత "మీ మోకాలు నొప్పి ఎలా ఉంది?" అని అడిగారు. అంతే. ఇంటికెళ్లాక తేలిగ్గా అనిపిస్తుందేమో అనుకున్నాను, లేదు, నాలుగు రోజులు లోపల ఏదో పచ్చిగా నొప్పి పెడుతూనే ఉంది. నా మాటే నెగ్గాలన్న పట్టుదల అక్కడ తెగింది మరి, నొప్పి ఉండదా?

ఆ నొప్పి గురించి యెహోషువ 5వ అధ్యాయంలో ఒక వచనం ఉంది, మామూలుగా ఎవరూ ప్రసంగం చేయరు. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటారు, ఎదురుగా యెరికో ఉంది. అరణ్యంలో నలభై ఏళ్లలో పుట్టిన మగవాళ్లెవరికీ సున్నతి లేదు. శత్రువు గుమ్మం ముందు, యుద్ధానికి పోవాల్సిన మనుషులందరికీ రాతి కత్తులతో సున్నతి చేయించమన్నాడు దేవుడు. ఏ సేనాధిపతైనా ఆ పని చేస్తాడా? గాయాలు మానేదాకా వాళ్లు పాళెంలోనే, అంటే తమ గుడారాల దగ్గరే ఉండిపోయారని రాసి ఉంది. కత్తి ఎత్తలేని స్థితిలో, కదల్లేని స్థితిలో పడుకుని ఉన్నారు. అప్పుడు దేవుడు ఐగుప్తు అవమానం మీ మీద నుంచి దొర్లించేశాను అన్నాడు, ఆ దొర్లించడం అన్న మాటనుంచే ఆ చోటికి గిల్గాలు అని పేరొచ్చింది. బలంగా ఉన్నప్పుడు కాకుండా, గాయంతో మూలుగుతున్నప్పుడు ఆ మాట అన్నాడు చూడండి.

సరే, మీ హృదయానికి మీరే సున్నతి చేసుకోండి అని మోషే అన్నాడు కదా, ఎవరివల్లవుతుంది? మన గుండెకి మనమే కోత పెట్టుకోగలమా? నేనైతే రెండేళ్లు పెట్టుకోలేకపోయాను. అది మోషేకీ తెలుసు. అందుకే అదే పుస్తకంలో 30వ అధ్యాయం 6వ వచనానికి వచ్చేసరికి మాట మారుతుంది. నీవు బ్రతకడానికి, నీ పూర్ణ హృదయంతో ఆయన్ని ప్రేమించడానికి, నీ దేవుడైన యెహోవాయే నీ హృదయానికీ నీ సంతతివారి హృదయానికీ సున్నతి చేస్తాడు అంటాడు. 10లో ఆజ్ఞ, 30లో వాగ్దానం. "నీ సంతతివారి" అన్న మాట దగ్గర మీ బాబుని తలుచుకోండి.

ఆ వాగ్దానం ఎక్కడ నెరవేరిందో కొలొస్సయి పత్రిక 2వ అధ్యాయం 11, 12 వచనాల్లో ఉంది. చేతులతో చేయని సున్నతి మీరు ఆయనలో పొందారు అని పౌలు రాసింది సున్నతి లేని అన్యజనులకే. పొందుతారు అనలేదు, పొందారు అన్నాడు. దాన్నే "క్రీస్తు సున్నతి" అని, బాప్తిస్మంలో ఆయనతో పాతిపెట్టబడి ఆయనతో లేచారని కలిపి చెప్పాడు. ఇక్కడ మిమ్మల్ని భయపెట్టిన ఆ 17వ అధ్యాయం 14వ వచనం దగ్గరికి తిరిగి వెళ్దాం. కోత పొందనివాడు జనంలో నుంచి కోసివేయబడతాడు, అక్కడి మాట స్వభావం అది. క్రైస్తవులు మెస్సీయ గురించని చదివే దానియేలు 9వ అధ్యాయం 26వ వచనంలో, అభిషిక్తుడు నిర్మూలం చేయబడతాడు అన్నచోట హెబ్రీలో ఉన్నది కూడా అదే క్రియ. ఎనిమిదో రోజున సున్నతి పొందినవాడు, నిబంధన మీరనివాడు, యేసు ప్రభువు, కోసివేయబడ్డాడు, పట్టణం బయట. మీరు భయపడుతున్న ఆ శిక్ష ఒక మనిషి మీద పడనే పడింది బ్రదర్. అది మళ్లీ మీ బాబు మీద పడాలని దేవుడు చూడటం లేదు.

యేసు ప్రభువే సున్నతి పొందాడు కదా అన్నారు పెద్దాయన. నిజమే, లూకా 2వ అధ్యాయం 21వ వచనం. పాశ్చాత్య సంఘం శతాబ్దాల పాటు క్రిస్మస్ తర్వాత ఎనిమిదో రోజైన జనవరి 1ని ప్రభువు సున్నతి పండుగగానే జరుపుకుంది, ఇప్పటికీ కొన్ని సంఘాలు ఆ పేరుతో గానీ ప్రభువు నామకరణం పేరుతో గానీ ఆచరిస్తాయి. కానీ ఆయన ఎందుకు పొందాడో గలతీయ 4వ అధ్యాయం చెబుతుంది, ధర్మశాస్త్రానికి లోబడి ఉన్నవాళ్లని విడిపించడానికి ఆయనే దానికి లోబడ్డాడు. ఆయన చేసిన ప్రతిదీ మనం చేయాలంటే పస్కాకి గొర్రెపిల్లని కూడా తేవాలి. ఆయన మన బదులు చేసినవి కొన్ని ఉన్నాయి. మన ముందు నడిచి చూపించినవి కొన్ని ఉన్నాయి. ఈ రెండూ కలిపేస్తే మనిషికి మీకు పట్టనట్టే నిద్ర పట్టదు.

అసలు మీ పెద్దాయన అన్న మాట కొత్తది కూడా కాదు. అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయం మొదటి వచనంలో యూదయ నుంచి అంతియొకయకి వచ్చినవాళ్లు సరిగ్గా అదే అన్నారు, సున్నతి పొందకపోతే మీకు రక్షణ లేదని. దాని మీద పెద్ద గొడవే అయి, సుమారు క్రీ.శ. 49లో యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు కూర్చుని తేల్చారు. పేతురు లేచి, హృదయాల్ని ఎరిగిన దేవుడు విశ్వాసం ద్వారా వాళ్ల హృదయాల్ని శుద్ధి చేశాడు, మన పితరులూ మనమూ మోయలేని కాడిని వాళ్ల మెడ మీద ఎందుకు పెడతారు అని అడిగాడు. కొర్నేలీ అనే రోమా శతాధిపతి ఇంట్లో సున్నతి లేనివాళ్ల మీద పరిశుద్ధాత్మ దిగడం కళ్లారా చూసినవాడు కదా ఆయన! చివరికి యాకోబు చెప్పిన తీర్మానం రాసి పంపారు. అందులో విగ్రహాలకి అర్పించినవాటి మాట ఉంది, రక్తం మాట ఉంది, జారత్వం మాట ఉంది, సున్నతి మాట లేదు.

అయితే పౌలు తన సహచరుడు తిమోతికి సున్నతి చేయించాడు కదా అని ఎవరైనా అంటారు, ముందే చెప్పేస్తున్నాను. తిమోతి తల్లి యూదురాలు, ఆ ప్రాంతపు యూదుల మధ్య పరిచర్యకి అడ్డు రాకూడదని చేయించాడు. ఇంకో సహచరుడు తీతు గ్రీసు దేశస్థుడు, అతనికి చేయించాలని ఒత్తిడి చేసినప్పుడు పౌలు లొంగలేదు. ఒకే మనిషి, రెండు సందర్భాల్లో రెండు రకాలుగా చేశాడు, ఎందుకంటే రక్షణకి షరతుగా పెట్టనంత వరకు పౌలుకి అది పెద్ద విషయం కాదు. షరతుగా పెట్టిన మరుక్షణం గలతీయ 5వ అధ్యాయంలో ఎంత కోపంగా రాశాడో చూడండి, అలా సున్నతి పొందితే క్రీస్తు వల్ల మీకు ప్రయోజనమేమీ లేదని. ఆ అధ్యాయంలోనే ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసం అన్న మాట ఉంది. నేను మీకిచ్చే సలహా అంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది.

కాబట్టి బాబు విషయంలో ఇలా అనుకోండి. రేపు డాక్టర్ ఏదైనా ఆరోగ్య సమస్య చూసి సున్నతి అవసరమంటే నిశ్చింతగా చేయించండి, అది వైద్యం. ఇథియోపియా, ఈజిప్టు ప్రాచీన సంఘాల్లో ఆనవాయితీగా చేయించుకునే క్రైస్తవులున్నారు, వాళ్లని తప్పుపట్టే పని మనకి లేదు. కానీ దేవుడు ఒప్పుకోడేమోనన్న భయంతో మాత్రం చేయించొద్దు. ఆ భయంతో చేయిస్తే బాబుకి గాయం మిగులుతుంది, మీకు ఆ భయం అలాగే మిగులుతుంది, రేపు ఇంకొకరు వచ్చి ఇంకో షరతు చెబుతారు.

మీ భార్య అడిగిన ప్రశ్న మీ ప్రశ్న కన్నా మంచిది, ఆమెకి ఆ మాట నా తరఫున చెప్పండి. ఒంటి గుర్తు మగవాళ్లకే ఇచ్చారు. స్త్రీలకి సున్నతి అన్నది బైబిల్లో ఎక్కడా లేదు, ఎవరైనా దేవుని పేరు చెప్పి అలాంటిదేదైనా అంటే ఒక్క క్షణం కూడా వినొద్దు. కానీ ద్వితీయోపదేశకాండం 29లో దేవుని ముందు నిబంధనకి నిలబడినవాళ్లలో స్త్రీలూ పిల్లలూ పరదేశులూ ఉన్నారు, ఆ తర్వాతి అధ్యాయంలోనే హృదయ సున్నతి వాగ్దానం వాళ్లందరికీ వచ్చింది. కార్యాలు 16వ అధ్యాయం మొదట్లో తిమోతి సున్నతి ఉంటుంది, కాస్త ముందుకెళ్తే ఫిలిప్పీలో నది ఒడ్డున లుదియ కనిపిస్తుంది. ప్రభువు ఆమె హృదయం తెరిచాడు, ఆమె బాప్తిస్మం పొందింది. చేతులతో చేయని సున్నతి అంటే ఏమిటో చూడాలంటే ఆ వచనం చాలు. మూసుకున్నది తెరుచుకుంది, తెరిచింది ఆయన. వెంటనే ఆమె చేసిన పనేమిటో తెలుసా, పరాయివాళ్లని ఇంటికి పిలిచి, రావాల్సిందేనని బలవంతం చేసింది. మోషే 10వ అధ్యాయంలో చెప్పిందే!

బాబుకి బాప్తిస్మం ఇప్పుడే ఇప్పించాలా అన్నది మీరు అడగలేదు గానీ త్వరలో అడుగుతారు. సున్నతి స్థానంలో బాప్తిస్మం వచ్చింది గనుక పసిపిల్లలకి ఇవ్వాలని కొన్ని సంఘాలు అంటాయి. క్రీ.శ. 253 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో 66 మంది బిషప్పులు కూడి, ఎనిమిదో రోజు దాకా కూడా ఆగక్కర్లేదని చెప్పారు. విశ్వసించినవాళ్లకే ఇవ్వాలని మరి కొన్ని సంఘాలు అంటాయి, వాళ్లూ వాక్యం నుంచే చెబుతారు. దీన్ని మీ పాస్టర్ గారి దగ్గర మీ ఇద్దరూ కలిసి కూర్చుని తేల్చుకోండి. దానికి నిద్ర మానుకోవాల్సిన పని మాత్రం లేదు.

పెద్దాయన మీద కోపం పెట్టుకోకండి, కీడు తలపెట్టి అన్నారని నేననుకోను. ఈసారి కలిసినప్పుడు కార్యాలు 15 ఇద్దరూ కలిసి పైకి చదవండి, వాదించొద్దు, చదవండి చాలు.

ఇక ఆఖరిది. మీ ఉత్తరంలో అన్నిటికన్నా చిన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాలుగేళ్లుగా అన్నయ్యతో మాటల్లేవు, బాబు పుట్టిన సంగతి చెప్పలేదు. దాన్ని మీరు ఏదో గుర్తొచ్చి రాసినట్టు చివర్లో రాసి వదిలేశారు. మీ మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు, తప్పు ఎవరిదో నేను చెప్పలేను, బహుశా ఆయనదే ఎక్కువేమో. కానీ మీరు హృదయ సున్నతి అంటే ఏమిటని అడిగారు, నాకు మీ ఉత్తరంలో ఆ పొర గట్టిపడి కనపడింది అక్కడే. దాన్ని మీ అంతట మీరు కోసుకోలేకపోతే, నావల్ల కావడం లేదు ప్రభువా, 30వ అధ్యాయంలో చేస్తానన్నావు కదా, చెయ్యి అని అడగండి. నేనూ అలాగే అడిగాను. తెగేటప్పుడు నొప్పి ఉంటుంది, గిల్గాలులో లాగే కొన్నాళ్లు పాళెంలో పడుకోవాల్సి వస్తుంది.

యోహానుకీ యేసు ప్రభువుకీ కూడా ఎనిమిదో రోజునే పేరు పెట్టారు. మీ బాబుకి ఏం పేరు పెట్టారో ఉత్తరంలో రాయలేదు, ఇంకా పెట్టలేదేమో. మీరూ మీ భార్యా కూర్చుని ఒక పేరు అనుకోండి. అనుకున్నాక మొదటి ఫోన్ అన్నయ్యకి చేయండి. ఎత్తకపోతే మర్నాడు మళ్లీ చేయండి.